పదివేల వాన

మా బస్తీలో పెద్ద వానలకు పేర్లుంటాయి. 2000లో కురిసింది ఆగస్టు వాన. 1908లో కురిసినదాన్ని చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు గానీ, పాతబస్తీ ముసలివాళ్ళ నోట దాని పేరు మిగిలింది: తుగ్యానీ. పొంగిపోవడం, హద్దు మీరడం అని ఆ ఉర్దూ మాటకు అర్థం. 2020 అక్టోబర్‌లో వచ్చినదానికి మా ఉప్పుగూడ గల్లీ పెట్టుకున్న పేరు వేరే. పదివేల వాన.

ఆ పేరు నేను మొదట అమ్మ నోటనే విన్నాను. ఊర్లో ఉన్న మా మామతో ఫోన్లో మాట్లాడుతూ "గా పదివేల వానలనే గద ఫ్రిజ్జు ఖరాబైంది" అంటోంది. వానకి పేరు నీళ్ళనుబట్టి కాక పైసలనుబట్టి రావడం నాకు వింతగా తోచింది. పైగా ఆ పదివేలు మా ఇంట్లోకి పూర్తిగా రానేలేదు. అయినా పేరు నిలిచిపోయింది.

విపత్తు తర్వాత సర్కారు డబ్బు ఇస్తుందంటే దేనికి ఇస్తున్నట్టు? ఎవరికి ఇస్తున్నట్టు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని మా గల్లీలోంచి బయల్దేరితే ముందు మూసీ ఒడ్డుకి, అక్కణ్ణుంచి నూట పదిహేనేళ్ళ వెనక్కి, చివరికి మా మామ పత్తిచేనులోకి వెళ్ళాల్సొచ్చింది.

ఒక తలుపు, మూడు పొయ్యిలు

2020 అక్టోబర్ 13న పొద్దంతా, రాత్రంతా కురిసింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు నమోదైంది. అక్టోబర్ నెలలో ఒక్కరోజు వానకి అంతకుముందు రికార్డు 1903 నాటిది, అది 12 సెంటీమీటర్ల లోపే. ఆ రాత్రి పల్లెచెరువు తెగి అల్ జుబైల్ కాలనీ మీద పడింది. మా వైపు ముప్పు నాలుగు రోజులు ఆగి వచ్చింది. 17 రాత్రి మళ్ళీ వాన, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్ బాబా నగర్, ఫూల్‌బాగ్, ఉప్పుగూడ వరుసగా మునిగాయి.

మాది కింది పోర్షన్. రెండు గదులు, అద్దెకి. నీళ్ళు మంచం ఎత్తుకి వచ్చాయి. బియ్యం డబ్బా, ఫ్రిజ్, అమ్మ కుట్టుమిషన్ మోటారు, కింది అరలో నా పుస్తకాలు పోయాయి. సజ్జ మీద పెట్టిన సర్టిఫికెట్లు మిగిలాయి. నీళ్ళు తీశాక గోడల మీద ఒక బురద గీత మిగిలింది. ఇప్పటికి రెండుసార్లు సున్నం వేశాం, వర్షాకాలం రాగానే ఆ గీత మళ్ళీ పైకి తేలుతుంది.

19న ముఖ్యమంత్రి ప్రకటించారు: వరదలో చిక్కుకున్న ప్రతి ఇంటికి 10,000 రూపాయలు, ఇల్లు పూర్తిగా కూలితే లక్ష, కొంత కూలితే 50,000. ఇందుకోసం 550 కోట్లు. మర్నాటి నుంచే పంపిణీ. బ్యాంకులు, ఫారాలు ఏమీ లేవు. అధికారులు గల్లీల్లోకి వచ్చి నోట్లు చేతిలో పెట్టారు. ఇది చిన్న విషయం కాదు. ఈ దేశంలో వరద వచ్చిన వారం లోపల నగదు ఇంటికి రావడం అరుదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

మా ఇంటికొచ్చిన మనిషి చేతిలో ఒక లిస్టు ఉంది. లిస్టులో మా డోర్ నంబర్ ఒక్కసారే ఉంది. పైన ఓనర్ సాబ్, కింద మేమూ, మా పక్క గదిలో ఆటో నడిపే ఒకాయన కుటుంబమూ. మూడు పొయ్యిలు, ఒకటే నంబర్.

"ఇంటికొకటే అమ్మా. పైకెళ్ళి గట్లనే చెప్పిన్రు," అన్నాడాయన. అబద్ధం చెప్తున్నట్టు లేదు. పొద్దుట్నుంచి తిరిగి తిరిగి గొంతు పోయివుంది.

ఓనర్ సాబ్ సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆయన ఇల్లు పైన, నీళ్ళు ఎక్కలేదు. కింద పెట్టిన స్కూటరు మాత్రం మునిగింది. సాయంత్రం కిందికి దిగొచ్చి ఒక మాటన్నాడు: "పానీ తీన్ ఘరాఁ మే ఘుసా, పైసా ఏక్ ఘర్ కూ ఆయా." నీళ్ళు మూడిళ్ళల్ల జొరబడ్డయి, పైసలు ఒక్కింటికే వచ్చినయి అని. మాకు 3,300, పక్కింటికి 3,300 ఇచ్చి, మిగిలిన 3,400 ఉంచుకున్నాడు. "సౌ రూపాయ్ స్కూటర్ కే" అని నవ్వాడు.

అట్లా ఒక పెద్దమనిషి మా గల్లీలో ఉన్నాడు గనక సరిపోయింది. అన్ని గల్లీల్లోనూ అట్లా జరగలేదు. పంచేవాళ్ళు సగం ఉంచుకున్నారనీ, తెలిసినవాళ్ళకే ఇచ్చారనీ నగరమంతా గొడవలయ్యాయి. నవంబర్‌లో పద్ధతి మార్చి, రానివాళ్ళు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. అమ్మ కుట్టుపని ఆపుకుని రెండు రోజులు లైన్లో నిలబడింది. తెల్లవారుజామున నాలుగింటికే చెప్పులు వరుసలో పెట్టి వచ్చేవాళ్ళట. 18న బల్దియా ఎన్నికల కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. డిసెంబర్ 1న ఓట్లు పడ్డాయి. ఫలితాలొచ్చాక మళ్ళీ లైన్లు కట్టారు. అప్పుడేమో మీసేవకి రావద్దు, అధికారులే ఇళ్ళకొచ్చి చూసి ఖాతాలో వేస్తారన్నారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. వచ్చినా ఏం చూసేవాళ్ళో తెలీదు. గీత మీద అప్పటికే సున్నం పడింది.

తుగ్యానీ

ఆ లైన్ల కథ విన్నాకనే నేను 1908 గురించి వెతకడం మొదలుపెట్టాను. ఆ వరద గురించి ప్రతి హైదరాబాదీకీ నాలుగు ముక్కలు తెలుసు. సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఎగువన ఉన్న వందల చెరువుల్లో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీళ్ళు ఒకదానిమీద పడి కిందికొచ్చాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి, పురానాపూల్ నిలిచింది. చనిపోయినవాళ్ళు 15,000, కూలిన ఇళ్ళు 19,000, గూడు పోయినవాళ్ళు 80,000 అని సాధారణంగా చెప్పే లెక్క. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని అంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ కథ కూడా చాలామందికి తెలుసు. ఆ ఒక్క రాత్రిలో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ళ ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడు మిగిలాడు. తర్వాత ఆ వరద మీద ఒక దీర్ఘ కవిత రాశాడు. ఆయన పోగొట్టుకున్నదానికి ఏ ఖజానా ఏం కొలిచి ఇవ్వగలదు?

కానీ నాకు కావలసింది వరద తర్వాతి రోజులు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రాజమహళ్ళ తలుపులు జనం కోసం తెరిపించాడు. ఊళ్ళో వంటశాలలు పెట్టారు. మహారాజా కిషన్ పర్షాద్ దివానుగా ఉన్న కాలం అది. సరోజినీ నాయుడు సహాయ కార్యక్రమాల్లో తిరిగింది. ఆ పనికే బ్రిటిష్ సర్కారు ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది, జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసింది. నిజాం ఒడ్డున నిలబడి ఏడ్చాడనీ, పురోహితుల మాట మీద మూసమ్మకి హారతి పట్టాడనీ కథలు నేటికీ చెప్పుకుంటారు.

ఆ కథలన్నింటిలో ఇచ్చేవాడి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. తీసుకునేవాళ్ళు ఒక గుంపు. ఎవరికెంత ముట్టింది, ఎవరికి అందలేదు అన్నది కథలోకి రాదు. రాజు ఇచ్చేది ఖైరాత్, దానం. దానానికి లిస్టు అక్కర్లేదు, కాబట్టి లిస్టులో నా పేరు ఏదని అడిగే చోటు కూడా లేదు. ఆకలైనవాడికి అన్నం దొరుకుతుంది గానీ, దొరకనివాడికి దావా ఉండదు.

తుగ్యానీకి నిజంగా నిలిచిన జవాబు వేరే రూపంలో వచ్చింది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1909 అక్టోబర్‌లో ఆయన నివేదిక ఇచ్చాడు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడే ఆపమన్నాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మూసీ ఒడ్డు పొడుగునా ఇవాళ మనం ఫొటోలు తీసుకునే హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి భవనాలు ఆ వరద తర్వాతి హైదరాబాదు కట్టుకున్నవే.

మళ్ళీ నీళ్ళు రాకుండా చూడటం ఒక రకం సాయం. అది అందరికీ సమానంగా అందుతుంది. అద్దెకున్నోడికీ, ఓనర్‌కీ. 2020లో మమ్మల్ని ముంచినవి ఆ రెండు సాగర్లు కావు. వాటి కింద నగరం ఇష్టం వచ్చినట్టు మింగేసిన చిన్న చెరువులు.

తకావి, మాఫీ

నగరం సంగతి ఇలా ఉంటే, పల్లెకి సర్కారు సాయం ఎట్లా మొదలైంది? తెలంగాణ రెవెన్యూ మాటల్లో దీని చరిత్ర దాక్కుని ఉంది. తకావి అంటే వ్యవసాయానికి సర్కారు ఇచ్చే అప్పు. విత్తనానికి, ఎద్దులకి, బావికి. అరబ్బీలో బలపరచడం అని ఆ మాటకు మూలం. మనం రోజూ అనే ఖువ్వత్ దాని చుట్టమే. ఇంకోటి మాఫీ. పంట పోయిన ఏడు శిస్తు వదిలేయడం. దక్కన్‌లో పంటని అణాల్లో అంచనా కట్టేవాళ్ళు. పదహారణాల పంట అంటే నిండు పంట. అది ఇన్ని అణాలకు పడిపోతే శిస్తులో ఇంత మినహాయింపు.

రెండింటిలో ఒక పోలిక చూడండి. తకావికి జమానతు కావాలి, అది సాధారణంగా భూమే. మాఫీ దొరికేది శిస్తు కట్టేవాడికి, అంటే పట్టా ఉన్నవాడికి. దున్నేవాడొకడు, పట్టాదారొకడు అయినచోట బలం పట్టాదారుకే చేరేది.

పట్టా లేనివాళ్ళకి, కూలోళ్ళకి ఏం మిగిలింది? కరువు పని. ఇక్కడ మన కోఠీతో సంబంధమున్న ఒక మనిషి గురించి చెప్పాలి. సర్ రిచర్డ్ టెంపుల్. 1867లో హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంట్‌గా చేశాడు. పదేళ్ళకి, 1877లో, దక్షిణాదిని కరువు తినేస్తున్నప్పుడు ఖర్చు తగ్గించడానికి భారత ప్రభుత్వం ఆయన్నే మద్రాసు రాష్ట్రానికి పంపింది. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఎండిపోయి ఉన్నాయి. కరువు పనికి వచ్చినవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, దాంతోపాటు కొద్ది పైసలు చాలని ఆయన తేల్చాడు. పౌనంటే అర కిలో కూడా లేదు. రోజంతా రాళ్ళు కొట్టి మోసినవాడి తిండి అది. మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ ఇది మనుషుల్ని చంపే కొలత అని పోరాడాడు. చివరికి పెంచక తప్పలేదు.

1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది. దాన్నుంచి కరువు చట్టావళులు పుట్టాయి. కరువులో ఆదుకోవడం రాజ్యం బాధ్యత అని అవి ఒప్పుకున్నాయి. కానీ ఒక అనుమానం వాటి పునాదిలోనే ఉంది: సాయం అడిగేవాడు నిజంగా అవసరంలో ఉన్నాడా? అది తేల్చడానికి పరీక్ష పెట్టారు. కష్టమైన పని ఇవ్వు, కూలి తక్కువ ఇవ్వు. అయినా వస్తే నిజంగా ఆకలితో ఉన్నట్టే. నిలబడలేని ముసలివాళ్ళకి, రోగులకి మాత్రం పని లేకుండా ఇచ్చే ఏర్పాటు విడిగా ఉండేది.

ఇది చదివినప్పుడు నాకు మీసేవ ముందు తెల్లవారుజామున వరుసలో పెట్టిన చెప్పులు గుర్తొచ్చాయి. ఆ లైను ఎవరూ పరీక్షగా పెట్టలేదు, నిజమే. కానీ చేసిన పని అదే. రోజు కూలి వదులుకుని, రెండు రోజులు నిలబడగలిగినవాళ్ళే ఫారం దాకా చేరారు. పసిపిల్ల తల్లులు, కాళ్ళు పనిచేయని ముసలాయన చేరలేదు. నీళ్ళు మాత్రం వాళ్ళ ఇంట్లో కూడా మంచం ఎత్తే వచ్చాయి.

అదే వాన, చేను మీద

మా మామది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. సొంత భూమి లేదు. మూడెకరాలు కౌలుకి పట్టి పత్తి వేశాడు. 2020 అక్టోబర్ వాన మా మీద పడినట్టే ఆ చేను మీద కూడా పడింది. పత్తి అప్పుడు కాయ పగిలే దశ. పగిలిన కాయ తడిసి నల్లబడింది, గింజ చెట్టు మీదనే మొలకెత్తింది. మామ ఏరిన పత్తిని కొననంటే కొననన్నారు.

నగరంలో మాకు 10,000 ప్రకటించిన అదే రోజుల్లో పల్లెకి ఎకరాకి ఇంత అని ప్రకటన రాలేదు. పంట పోతే ఇవ్వాల్సినదానికి పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్ర విపత్తు సహాయ నిధి ఉంది. దానికి కేంద్రం కొలతలు రాసిపెట్టింది. అప్పటి కొలత ప్రకారం 33 శాతం, అంతకుమించి పంట పోతే వర్షాధార భూమికి హెక్టారుకి 6,800, సాగునీటి భూమికి 13,500 రూపాయలు. ఎకరంలోకి మారిస్తే వర్షాధార పంటకి దాదాపు 2,750. పంట ఖరీదుకి కాదు ఇది, మళ్ళీ విత్తడానికి. ఇచ్చేది ఊరట మాత్రమే, నష్టపరిహారం కాదు అన్నది సర్కారు మొదట్నుంచీ పట్టుకున్న మాట. తకావి నాటి ఆలోచనే: ఇంకో ఏడు సాగు చేయడానికి బలం.

అదే కొలతల పట్టికలో మాలాంటివాళ్ళకీ ఒక వరుస ఉంది. ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా కూలినా, రెండు రోజులకి మించి మునిగినా, కుటుంబానికి బట్టలకి 1,800, గిన్నెలకి 2,000. మొత్తం 3,800. మా ఓనర్ సాబ్ పంచిన 3,300కీ ఢిల్లీ లెక్కకీ తేడా 500 రూపాయలే! అంటే హైదరాబాదుకి ప్రకటించిన 10,000 ఆ కొలత కంటే చాలా ఎక్కువ. రాష్ట్రం తలుచుకుంటే పట్టిక దాటి ఇవ్వగలదని, వారంలో ఇవ్వగలదని ఆ వాన నిరూపించింది. ఆరు లక్షలకు పైగా కుటుంబాలకి ఇచ్చామని ప్రభుత్వమే చెప్పింది. మరి అదే వానకి చేను ఎందుకు గుర్తుకు రాలేదు? నగరంలో నెలన్నరలో ఓట్లు ఉన్నాయి, ఊళ్ళో లేవు. ఇంతకంటే వేరే కారణం నాకైతే దొరకలేదు.

"మీకు తలుపు నంబరన్న ఉన్నది బిడ్డా," అన్నాడు మామ ఆ దసరాకి ఫోన్ చేసినప్పుడు. "నా పేరు యాడ రాసుంది?"

పోయిన కాలమ్

ఆ మాట కోపంలో అన్నది అనుకున్నాను. తర్వాత చూస్తే అది అక్షరాలా నిజం.

2020 సెప్టెంబర్‌లో, అంటే వానకి సరిగ్గా నెల ముందు, తెలంగాణలో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. ఊళ్ళో ఏ చేను ఎవరు దున్నుతున్నారో కళ్ళతో చూసి రాసే మనిషి ఆయన. వీఆర్వోల మీద లంచాల ఫిర్యాదులు బోలెడు, పోతే పోనీ అన్నవాళ్ళే ఎక్కువ. వాన వెలిసిన రెండు వారాలకి, అక్టోబర్ 29న, ధరణి పోర్టల్ మొదలైంది. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌లో ఉండేది. కొత్త రికార్డులో అనుభవదారు కాలమ్ ఉంచలేదు. దున్నేవాడి పేరు రాయడానికి చోటే పోయింది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడే కౌలుదారుకి ఇవ్వమని తేల్చేశారు, కాబట్టి ఆ కాలమ్‌తో సర్కారుకి పనీ లేదు.

ఒకప్పుడు వేరే ఆలోచన కూడా నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోనేరు రంగారావు కమిటీ భూమి సమస్యల మీద నివేదిక ఇచ్చింది. 2011లో సాగుదారుల లైసెన్సు చట్టం వచ్చింది. కౌలు రైతుకి రుణ అర్హత కార్డు ఇవ్వాలి, ఆ కార్డు మీద అప్పు, పంట నష్టం డబ్బు దొరకాలి అన్నది దాని సారం. మామకి 2012లో ఒక కార్డు వచ్చింది. ఏడాదికే దాని గడువు. మళ్ళీ ఇచ్చినవాళ్ళు లేరు. ఆ చట్టం ఇంకా ఉంది. దాని కింద కార్డులు ఇవ్వడమే ఆగిపోయింది.

పట్టాదారు వైపు నుంచి కూడా ఆలోచించాలి. కౌలుదారు పేరు కాగితమెక్కితే రేపు భూమి పోతుందేమోనన్న భయం ఊళ్ళో నిజమైన భయం. ఎకరం రెండెకరాలు ఉండి, పిల్లల చదువుకని పట్నం వచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. అందుకే కౌలు ఎప్పుడూ నోటి మాటగానే సాగుతుంది. మామకీ ఆయన పట్టాదారుకీ మధ్య పన్నెండేళ్ళుగా ఒక్క కాగితం లేదు. ఒక్క తగాదా కూడా లేదు. వాన పడేదాకా కాగితం అవసరమే రాలేదు.

మా అద్దె కూడా అంతే. అగ్రిమెంటు ఎప్పుడూ రాసుకోలేదు.

ఇక్కడికి వచ్చాకనే నాకు రెండు కథలూ ఒకటే అని అర్థమైంది. 1908లో రాజు ముఖం చూసి చేయి చాచాలి. ఇవాళ లిస్టు ఉంది, కొలత ఉంది, చట్టం ఉంది. దానం హక్కుగా మారడానికి నూరేళ్ళు పట్టింది, అది నిజంగా పెద్ద ప్రయాణం. కానీ ఆ హక్కు మనిషికి కాకుండా ఆస్తికి అంటుకుని వచ్చింది. డోర్ నంబరుకి వచ్చింది, సర్వే నంబరుకి వచ్చింది. నష్టం మాత్రం ఆస్తిని చూసి రాదు. నేల ఓనర్‌ది, నేల మీద ఉన్న బియ్యం మాది. భూమి పట్టాదారుది, భూమి మీద ఉన్న పంట మామది. నీళ్ళు వచ్చినప్పుడు నేల ఎక్కడికీ పోదు. పోయేది దాని మీద ఉన్నది.

ఒడ్డున

రైతు స్వరాజ్య వేదిక ఆ అక్టోబర్ పంట నష్టం మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2021 సెప్టెంబర్ చివర్లో తీర్పు వచ్చింది. మూడు నెలల్లో నష్టపోయిన రైతుల్ని గుర్తించాలి, ఆపైన డబ్బు ఇవ్వాలి, కౌలు రైతుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి అని కోర్టు చెప్పింది. పేపర్లో చదివి నేనే మామకి ఫోన్ చేశాను. తుగ్యానీ తర్వాత మూసీ ఒడ్డున కట్టిన ఆ ఎర్రరాతి భవనంలోంచి, మా ఇంటికి కొద్ది మైళ్ళ దూరం నుంచి, మా మామలాంటివాడు లెక్కలో ఉన్నాడని ఒక మాట బయటికి రావడం నాకు పెద్ద సంగతిగా అనిపించింది.

ఆ డబ్బు మామ దాకా రాలేదు.

ఆ తర్వాత 2023 మార్చిలో వడగళ్ళు పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి ఎకరాకి 10,000 ప్రకటించారు, కౌలు రైతుల్ని కూడా ఆదుకోవాలన్నారు. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు కొత్త ప్రభుత్వం కూడా ఎకరాకి 10,000 అంది. ఆ అంకె మా గల్లీలో పుట్టి ఊళ్ళకి పోయిందా అని నవ్వొచ్చింది. ఎక్కువ పోయినోడికీ అంతే, తక్కువ పోయినోడికీ అంతే. గుండ్రటి సంఖ్య మోటుదే, కానీ త్వరగా చేరుతుంది. నేను దాని మీద తగవు పడను. పదివేలు ఎంతమందికి అన్నదాని మీద కాదు, ఎవరి పేరు మీద అన్నదాని మీదనే నా తగవు.

పోయిన సంక్రాంతికి మామ వచ్చాడు. అమ్మ సజ్జ మీది రేకుపెట్టె దింపి ఏదో వెతుకుతుంటే ఒక కాగితం బయటపడింది. 2020 నవంబర్‌లో లైన్లో నిలబడ్డప్పుడు ముందురోజు ఇచ్చిన టోకెన్. నంబరు వెలిసిపోయింది. మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంకా ఎందుకు దాపెట్టినవే?"

"పేరుంది గద దాని మీద," అంది అమ్మ. "నా పేరు."

మామ జేబులోంచి పర్సు తీశాడు. ఆధార్ వెనకాల, ప్లాస్టిక్ కవర్లో, అంచులు అరిగిన ఒక కార్డు. 2012 నాటిది. గడువు తీరి పదేళ్ళు దాటింది. కౌలుదారు అన్నచోట ఆయన పేరు, మూడెకరాలు అన్నచోట సర్వే నంబరు.

రెండూ చాప మీద పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత అమ్మ టోకెన్ మళ్ళీ పెట్టెలో పెట్టింది. మామ కార్డు మళ్ళీ పర్సులో పెట్టుకున్నాడు.